సైదులు, సైడులు, సీదులు

పోయిన నెల మా పెద్దనాయినతో కలిసి నల్లగొండలో ఒక ఆఫీసుకు వెళ్లాను. ఆయన తండ్రి, అంటే మా తాత పేరు పాత రిజిస్టర్‌లో ఎక్కడ ఉందో చూసి నకలు తీసుకోవాలి. పాత పేర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు కాబట్టి ఐదు నిమిషాల పని అనుకున్నాం. ఆపరేటర్ ఊరు ఎంచుకుని, పేరు అడిగి కొట్టాడు. స్క్రీన్ మీద "వివరాలు లేవు" అని వచ్చింది. ఇంకోసారి కొట్టాడు. మళ్లీ అదే. "మీ నాయిన పేరు ఇందుల లేదు పెద్దమనిషీ," అన్నాడు.

పెద్దనాయినకు డెబ్బై ఆరేళ్లు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత శిస్తు రసీదులు. కాసేపు స్క్రీన్ వైపే చూసి, నా వైపు తిరిగాడు. "ఎట్ల లేడు బిడ్డా? గా భూమి దున్నే గదా మమ్మల్ని సాదింది," అన్నాడు.

ఆపరేటర్ మంచివాడు. వెనక పదిమంది నిలబడి ఉన్నా, నేను అడిగితే ఊరి జాబితా మొత్తం తెరిచి పెట్టాడు. సర్వే నంబర్ పట్టుకుని ఒక్కో వరస మీద వేలు పెట్టి చూసుకుంటూ పోతే దొరికింది. మా తాత పేరు సైదులు. జాబితాలో ఉన్నది "సైడులు".

నా ఉద్యోగమే సెర్చ్ సాఫ్ట్‌వేర్. జనం వెతికే మాటకూ, దాచి ఉంచిన రాతకూ మధ్య వంతెన కట్టడం నా పని. అందుకే ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు. సెర్చ్ చెప్పే మాటల్లో "లేదు" అన్నదే అన్నిటికన్నా బరువైన మాట. దాన్ని చాలా తేలిగ్గా చెప్పేలా మన సాఫ్ట్‌వేర్లు రాస్తున్నాం. ఒక రాత ఏ లిపి నుంచి ఏ లిపిలోకి, ఏ దారిన వచ్చిందో తెలుసుకోకుండా ఆ మాట అనే హక్కు ప్రోగ్రామ్‌కు ఉండకూడదని నా వాదన.

పేరు నడిచిన దారి

నల్లగొండ వాళ్లకు సైదులు అనే పేరు గురించి చెప్పక్కర్లేదు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నాక పుట్టిన పిల్లలకు, హిందువులైనా ముస్లింలైనా, సైదులు, సైదమ్మ, సైదయ్య అని పెట్టుకుంటారు. మూలం సయ్యద్. ఆ పేరు మన నోట్లో నలిగి, చివర 'లు' చేర్చుకుని మనదైపోయింది. నిజాం కాలపు రిజిస్టర్లలోకి ఎక్కేటప్పుడు మళ్లీ ఉర్దూ లిపిలోకి పోయింది.

ఉర్దూలో ఈ పేరు రాయడానికి ఐదు అక్షరాలు చాలు: సీన్, యే, దాల్, లామ్, వావ్. మాట మధ్యలో 'యే' వస్తే దాన్ని ఈ అనొచ్చు, ఏ అనొచ్చు, ఐ అనొచ్చు, య అని కూడా అనొచ్చు. 'వావ్' కూడా అంతే: ఊ, ఓ, ఔ, వ. హ్రస్వాలకు జబర్, జేర్, పేష్ అనే గుర్తులు ఉన్నా మామూలు రాతలో ఎవరూ పెట్టరు. ఊరు తెలియని మనిషి ఆ ఐదు అక్షరాలను సీదులు అని చదవొచ్చు, సేదలో అని చదవొచ్చు. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీకి మాత్రం ఇబ్బంది లేదు. ఆయనకు మనిషే తెలుసు. అయితే ఒక్క విషయంలో ఉర్దూ చాలా కచ్చితం. దాల్ వేరు, డాల్ వేరు. డాల్ నెత్తిన చిన్న 'తోయ్' గుర్తు ఉంటుంది. అంటే మా తాత పేరులోని 'ద' ఉర్దూ రిజిస్టర్‌లో భద్రంగానే ఉంది.

మరి ఎక్కడ పోయింది? జాబితా ఎట్లా తయారైందని ఆపరేటర్‌ను అడిగాను. ముందు ఇంగ్లీషులో ఎక్కించి, తర్వాత ఒక ప్రోగ్రామ్‌తో తెలుగులోకి మార్చారట. ఎస్, ఏ, ఐ, డీ, యూ, ఎల్, యూ. ఇక్కడ అచ్చులన్నీ చక్కగా వచ్చాయి. ఉర్దూ దాచిపెట్టిన ఐ, ఉ రెండూ కళ్ల ముందుకొచ్చాయి. కానీ ద, డ రెండింటికీ ఉన్నది ఒక్క డీ. తెలుగులోకి మార్చిన ప్రోగ్రామ్ ఆ డీని డ అనుకుంది. అదే జాబితాలో యాదగిరి "యడగిరి" అయ్యాడు. యాదగిరిగుట్ట పేరు వినని తెలుగువాడు లేడు, కానీ ఆ ప్రోగ్రామ్ వినలేదు.

ఈ ప్రయాణం చూస్తే నాకు అర్థమైంది ఏమిటంటే, ప్రతి లిపీ ఒకటి కాపాడి ఇంకొకటి వదిలేస్తుంది. ఉర్దూ హల్లును కాపాడి అచ్చును వదిలింది. ఇంగ్లీష్ చాలావరకు అచ్చును కాపాడి హల్లును వదిలింది. మూడు లిపుల రాతలూ పక్కపక్కన పెట్టి ఉంటే సైదులు అన్న పేరు మొత్తం నిలిచేది. ఒకటి రాగానే ముందుది తీసేశారు కాబట్టి పోయింది.

అన్నీ ఇంగ్లీషులోకి మారిస్తే సరిపోదా?

మా రంగంలో అందరూ మొదట ఆలోచించే పరిష్కారం ఇదే. నేనూ చేశాను. నాలుగేళ్ల కింద మా ప్రాంతపు చరిత్ర మీద పోగుచేసిన పాత వ్యాసాలకు ఒక సెర్చ్ కట్టాను. ప్రతి తెలుగు మాటనూ ఇంగ్లీష్ అక్షరాల్లోకి మార్చి ఇండెక్స్ చేశాను. వెతికే మాటను కూడా అట్లే మార్చాను. ఎవరు ఏ లిపిలో కొట్టినా కలిసిపోతాయి కదా అని.

మార్చడంలో తప్పు లేదు. భారతీయ లిపులను రోమన్‌లో రాయడానికి 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 అనే పద్ధతి ఉంది. అందులో డ రాయాలంటే డీ కింద చుక్క, దీర్ఘానికి అచ్చు మీద గీత. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ సంస్థ నిర్వహించే ఐసీయూ అనే కోడ్ లైబ్రరీ ఈ మార్పిడిని దాదాపు అట్లే చేసి ఇస్తుంది. చుక్కలూ గీతలూ ఉన్నంతవరకు ఏదీ పోదు, వెనక్కి తిప్పితే మళ్లీ అదే తెలుగు వస్తుంది. చిక్కు తర్వాతి మెట్టులో. ఫోన్‌లో చుక్కలు ఎవరు కొడతారని వాటన్నిటినీ తీసేస్తాం. అక్కడ ద, డ కలిసిపోతాయి. ల, ళ కలిసిపోతాయి. హ్రస్వం, దీర్ఘం ఒకటైపోతాయి.

నేను కట్టిన సెర్చ్‌లో ఒక మాస్టారు "గడి" అని కొట్టారు. దొరల గడీల మీద, అంటే వాళ్ల కోటల్లాంటి ఇళ్ల మీద వ్యాసాలు కావాలి ఆయనకు. గడితోపాటు గదులన్నీ వచ్చాయి. హాస్టల్ గది, అద్దె గది, వంట గది. గాడి తప్పిన పాలన గురించిన వ్యాసం కూడా వచ్చింది. మా దగ్గర గడి అంటే ఒక కాలం మొత్తం గుర్తొచ్చే మాట. దాన్ని వెతికిన మనిషికి వంట గది చూపించాను. ఆయన ఏమీ అనలేదు, మళ్లీ మాత్రం వాడలేదు. ఆ తర్వాత దాన్ని మొత్తం విప్పి మళ్లీ రాశాను.

అయినా ఇంగ్లీష్ అక్షరాల దారి మూసేయాలని నేను అనను. మా చెల్లె తెలుగు చదువుతుంది, రాస్తుంది, ఫోన్‌లో మాత్రం ఇంగ్లీష్ అక్షరాలతోనే కొడుతుంది. తను త కోసం టీ పక్కన హెచ్ పెడుతుంది, వాళ్ల ఆయన పెట్టడు. ఈ ఇద్దరికీ తలుపు తెరిచే ఉండాలి. కాకపోతే అది ఒక తలుపే అవ్వాలి, ఇల్లు మొత్తం అదే కాకూడదు. లూసీన్ లాంటి సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే మాటకు రెండు మూడు రూపాలు ఒకే చోట పక్కపక్కన పెట్టొచ్చు. అసలు తెలుగు రాతతో కలిసిన ఫలితాన్ని ముందు, రోమన్ రూపంతో మాత్రమే కలిసినదాన్ని వెనక చూపొచ్చు. కొంచెం డిస్క్ ఎక్కువ పడుతుంది, అంతకుమించి ఖర్చేమీ లేదు.

అమెరికా కొలబద్ద, పాలమూరు పేర్లు

ఉచ్చారణను బట్టి పేర్లు కలపడానికి సౌండెక్స్ అనే పద్ధతి ఉంది. 1918లో అమెరికాలో పేటెంట్ అయింది, అక్కడి జనాభా లెక్కల్లో పేర్లు వెతకడానికి వాడారు. పేరులో మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, మిగతా హల్లులకు మూడు అంకెలు ఇస్తుంది. ఇప్పటికీ చాలా డేటాబేస్‌లలో ఇది తయారుగా ఉంటుంది కాబట్టి మనవాళ్లు అలవాటుగా వాడేస్తారు.

మన పేర్లు వేసి చూశాను. రామయ్యకు వచ్చిన కోడ్ ఆర్-500. రహీంకు కూడా ఆర్-500. అంటే దాని లెక్కలో ఇద్దరూ ఒకటే. మరోవైపు వెంకటయ్య వీ-523, ఎంకటయ్య ఈ-523. అంకెలన్నీ ఒకటే అయినా మొదటి అక్షరం వేరు కాబట్టి ఆ ఇద్దరూ ఎప్పటికీ కలవరు. లక్ష్మయ్య ఎల్-250, లచ్చయ్య ఎల్-200. పాలమూరులో, నల్లగొండలో ఏ ఊళ్లో అడిగినా ఎంకటయ్యా వెంకటయ్యా ఒకడేనని చెప్తారు, రామయ్యా రహీమూ వేరని కూడా చెప్తారు. సౌండెక్స్ సరిగ్గా దీనికి తలకిందులుగా చెప్పింది. దాని తప్పేమీ లేదు. ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లు పేర్లను ఎట్లా తప్పు రాస్తారో చూసి దాన్ని తయారుచేశారు. మన నోటికి మన నియమాలు మనమే రాసుకోవాలి. మాట మొదట వె, యె, ఎ ఒకటి. వీరయ్య, ఈరయ్య ఒకటి. శ, ష, స ఒకటి. నర్సింహ, నర్సిమ్హ, నర్సింహ్మ, నర్సిమ్మ ఒకటి.

ఊరి పేర్లది ఇంకో కథ. మహబూబ్‌నగర్ అని ఒకరు కలిపి రాస్తారు, మహబూబ్ నగర్ అని ఇంకొకరు విడగొడతారు. కలిపి రాసినప్పుడు బ కింద న ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడతాం. యూనికోడ్‌లో దానికి సొంత సంఖ్య ఉంది. కంటికి కనపడకపోయినా కంప్యూటర్‌కు అది ఒక అక్షరమే, కాబట్టి ఆ గుర్తు ఉన్న మహబూబ్‌నగర్ వేరు, లేనిది వేరు. మహబూబ్‌నగర్‌నే జనం పాలమూరు అంటారు, ఇక ఆ పేరుతో వెతికినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 2016లో జిల్లా విడిపోయాక పాత రాతలో మహబూబ్‌నగర్ జిల్లా అన్న ఊరు ఇప్పుడు వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉంటుంది.

వదులు చేస్తే ప్రమాదం కాదా?

ఇక్కడ నా సహోద్యోగి ఒకాయన గట్టి ప్రశ్న వేశాడు. "భూమి విషయంలో ద, డ ఒకటేనని వదులు చేస్తే, రేపు ఒకరి భూమి ఇంకొకరికి చూపించదా? ఒకే ఊళ్లో ముగ్గురు సైదులు ఉంటారు కదా?" అన్నాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. రెండు రోజులు నా దగ్గర జవాబు లేదు.

ఆలోచిస్తే నాకు తట్టింది ఇది. వెతకడం ఒక పని, తేల్చడం ఇంకో పని. వెతికేటప్పుడు పదిమంది సైదులు వచ్చినా నష్టం లేదు. తండ్రి పేరు, సర్వే నంబర్ చూసి మనిషే తేల్చుకుంటాడు. తేల్చే పని ప్రోగ్రామ్‌కు అప్పగిస్తేనే ప్రమాదం. ఒకే పేరు రెండుసార్లు ఉంది కాబట్టి ఒకటి తీసేద్దాం అని ప్రోగ్రామ్ తనంతట తాను నిర్ణయిస్తే, వదులు నియమాలు మనుషుల పేర్లు మింగేస్తాయి. అక్కడ ఒక్క ఒత్తు తేడా ఉన్నా ఆగాలి. మన దగ్గర చాలాచోట్ల దీనికి పూర్తిగా ఎదురుగా జరుగుతోంది. వెతికే పెట్టె దగ్గర బిగించి కూర్చుంటున్నారు, తొలగించే దగ్గర వదిలేస్తున్నారు.

వదులు కూడా గుడ్డిగా చేయక్కర్లేదు. ఆ రాత ఏ దారిన వచ్చిందో పక్కన ఒక కాలమ్‌లో రాసి ఉంచితే చాలు. ఇంగ్లీష్ మీదుగా వచ్చిన పేరైతే ద, డ కలిపి చూడు. త, ట కలిపి చూడు. ఉర్దూ మీదుగా వచ్చినదైతే ఈ, ఏ, ఐ కలిపి చూడు. నేరుగా తెలుగులో రాసినదైతే ద, డ ముట్టుకోకు, నోటి పలుకుబడి తేడాలు మాత్రం చూడు. ఈ ఒక్క సమాచారం ఉంటే గడికి గది రాదు, సైదులుకు సైడులు వస్తాడు. కానీ నేను చూసిన జాబితాల్లో దేనిలోనూ ఆ కాలమ్ లేదు. ఎక్కించిన తేదీ ఉంటుంది, ఎక్కించినవాళ్ల కోడ్ ఉంటుంది, ఏ లిపిలోంచి వచ్చిందో మాత్రం ఉండదు.

"అసలు స్పెల్లింగ్ సరిగా ఎక్కిస్తే ఇదంతా ఎందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. ఎక్కించాలి, కాదనను. కానీ ఎంకటయ్య అన్నది తప్పు స్పెల్లింగ్ అని ఎవరు చెప్పాలి? వాళ్ల అమ్మ పిలిచింది అట్లనే. నా ప్రోగ్రామ్‌లో ఈ పట్టిక పేరు మొదట "తప్పుల సవరణ" అని ఉండేది. దాన్ని "రూపాలు" అని మార్చాను. దాని వల్ల ఫలితాల్లో ఒక్క అక్షరం తేడా రాదు. రేపు ఆ కోడ్ చదివే పిల్లలు మా పేర్లను తప్పులుగా చూడకూడదని మార్చాను.

లేరన్న మాటకు జవాబు

ఇది రాస్తుంటే సురవరం ప్రతాపరెడ్డి గుర్తుకొస్తున్నారు. పాలమూరు జిల్లా మనిషి, 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఎవరో అంటే, ఆయన వాదన పెట్టుకుని కూర్చోలేదు. ఊరూరా ఉన్న కవుల పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులున్నారు. వాళ్లంతా అంతకుముందూ ఉన్నవాళ్లే. వెతికినవాళ్లు తమకు తెలిసిన చోట మాత్రమే వెతికి, లేరు అన్నారు.

నేను చెప్పే సాంకేతిక విషయానికీ దీనికీ పెద్ద దూరం లేదు. ఇవాళ లేరు అనే మాట ఒక మనిషి అనడం లేదు, పెట్టె అంటోంది. మనిషి అంటే ఎదురు తిరుగుతాం. పెట్టె అంటే తలవంచుకుని ఇంటికి పోతాం. పెద్దనాయిన ఒక్కడే వెళ్లి ఉంటే ఆ రోజు అదే జరిగేది.

లిపులు మార్చడం వల్ల పోయేవే కాదు, దొరికేవీ ఉన్నాయి. దేవరకొండ వైపు తండాలు చాలా ఎక్కువ. లంబాడీల గోర్ బోలికి సొంత లిపి లేదు. మన దగ్గర తెలుగులో రాస్తారు, కర్ణాటకలో కన్నడలో, మహారాష్ట్రలో దేవనాగరిలో. ఒకే తీజ్ పండగ పాట మూడు లిపుల్లో మూడుచోట్ల ఉండి, ఒకదానికొకటి తెలియకుండా పడి ఉంటుంది. ఇక్కడ మార్పిడి చాలా సులువు. యూనికోడ్‌లో మన లిపులన్నీ ఒకే వరసలో పేర్చి ఉన్నాయి. దేవనాగరి క 2325వ సంఖ్య, తెలుగు క 3093, కన్నడ క 3221. తెలుగు అక్షరానికి 128 కలిపితే కన్నడ అక్షరం వస్తుంది, 768 తీసేస్తే దేవనాగరి వస్తుంది. ఒక్క చోట జాగ్రత్త పడాలి. హిందీలో హ్రస్వ ఎ, ఒ వాడరు. లెక్క ప్రకారం మారిస్తే ఆ జాగాలో ఉన్న అక్షరం వస్తుంది కానీ, అక్కడివాళ్లు ఎవరూ దాన్ని కొట్టరు. కాబట్టి ఎ, ఏ కలపాలి. ఒ, ఓ కలపాలి. దేవరకొండలో ఒక పిల్ల తెలుగులో కొడితే మరాఠ్వాడాలో ఎవరో ముసలమ్మ దగ్గర రాసుకున్న పాట తెరుచుకోవాలి. ఇంత తక్కువ శ్రమతో ఇంత మేలు జరిగే పని మా రంగంలో ఇంకోటి ఉందని నేను అనుకోను.

మాటల అర్థాన్ని బట్టి వెతికే కొత్త పద్ధతులు వచ్చాయి కదా, ఈ అక్షరాల గొడవ ఇంకెంత కాలం అని అడుగుతారు. కావచ్చు, వ్యాసాలకూ పాటలకూ అవి బాగానే పనికొస్తాయి. కానీ పేరుకు అర్థంతో పని లేదు. పైగా ఈ ఫలితం ఎందుకు వచ్చిందని అడిగితే ఆ పద్ధతి తేటగా చెప్పలేదు. "ఇంగ్లీష్ మీదుగా వచ్చింది కాబట్టి ద, డ కలిపి చూశాను" అని చెప్పగలిగే సెర్చ్ నాకు కావాలి. ఆ వాక్యం పెద్దనాయినకు కూడా అర్థమవుతుంది.

ఆ ఊరి జాబితా ప్రతి ఒకటి తెచ్చుకున్నాను. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని నా ల్యాప్‌టాప్‌లో దానికి కొత్త సెర్చ్ కట్టాను. మొన్న ఆదివారం ఊరికి పోయినప్పుడు పెద్దనాయిన ముందు పెట్టి సైదులు అని కొట్టాను. సైడులు వచ్చింది. పక్కన చిన్న అక్షరాల్లో ఎందుకు వచ్చిందో కూడా వచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "మా అవ్వ పేరు కొట్టు బిడ్డా," అన్నాడు. అవ్వ అంటే వాళ్ల అమ్మ, మా నాయనమ్మ.

లచ్చుమమ్మ అని కొట్టాను. ఏమీ రాలేదు. లచ్చమ్మ, లక్ష్మమ్మ, లచ్చిమమ్మ అన్ని రూపాలూ సెర్చ్ తనంతట తానే చూసింది. నేను కూడా ఒక్కొక్కటిగా కొట్టాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక జాబితా మొదటి వరస నుంచి చివరి వరస దాకా కంటితో చదివాను. ఆడవాళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. వాటిలో మా నాయనమ్మ లేదు.

పొద్దున చాయ్ తాగేటప్పుడు ఆ సంగతి చెప్పాను. "అప్పుడు ఆడోళ్ల పేరు మీద ఎవరు రాసిన్రు బిడ్డా," అన్నాడు పెద్దనాయిన. చాయ్ గ్లాసు కింద పెట్టి, "అయినా మొత్తం చూసినవు గదా," అన్నాడు.